గూండాల ముచ్చట్లు పోయాక మాక్స్ పేన్ మారిపోయాడు

పాత స్టూడియో వదిలేసిన గేమ్ సిరీస్‌ని కొత్తవాళ్లు తీసుకోగానే దాని తీరే ఎందుకు మారిపోతుంది, మాక్స్ పేన్ అనే కాల్పుల గేమ్ మూడో భాగం ఆడుతుంటే ఇది అసలు అదే గేమేనా అనిపిస్తోంది, అని మీరు అడిగారు. దీనికి చాలామంది చెప్పే కారణం ఒకటే. న్యూయార్క్ మంచు పోయి బ్రెజిల్ ఎండ వచ్చింది, అందుకని చీకటి తగ్గిపోయింది అంటారు. నేను ఒప్పుకోను. మూడో ఆటలో చీకటి తగ్గలేదు, పెరిగింది. తగ్గింది నవ్వు. ఆ నవ్వు ఉండింది కూడా హీరో దగ్గర కాదు, హీరో కాల్చబోయే గూండాల దగ్గర.

మొదటి రెండు ఆటలు ఆడినవాళ్లకి ఇది గుర్తుండాలి. ఒక తలుపు ముందు ఆగుతాం. లోపల ఇద్దరు గూండాలు మాట్లాడుకుంటూ ఉంటారు. తలుపు తోసి లోపలికి దూకితే ముచ్చట ఆపేసి కాల్చడం మొదలుపెడతారు. తోయకుండా బయటే నిలబడితే మాట్లాడుతూనే ఉంటారు. చేతుల్లో తుపాకులు, నోట్లో సొంత గోడు. ఆటలో ముందుకెళ్లడానికి ఆ మాటలతో ఏ పనీ లేదు. వినకపోయినా ఏమీ నష్టం లేదు. నా లెక్కలో ఆ సిరీస్ ప్రాణం అక్కడే ఉంది.

నాకు ఈ సంగతి పట్టుబడింది మా నాయనమ్మ వల్ల. 2004 ప్రాంతంలో, నేను ఇంటర్ చదువుతున్నప్పుడు, మేం కొత్తపేటలో ఉండేవాళ్లం. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో విడిభాగాలు కొని కట్టించిన కంప్యూటర్ ఉండేది. దానికి గ్రాఫిక్స్ కార్డు పెట్టించడానికి నాన్నకి "ఇంజినీరింగ్‌కి అవసరం" అని చెప్పాను. గేమ్ మాత్రం కోఠీ ఫుట్‌పాత్ మీద కొన్న సీడీ. కవర్ మీద ఒక గేమ్ బొమ్మ, లోపల ఇంకో గేమ్ ఉండే కాలం అది. అదృష్టం బాగుండి లోపల కూడా మాక్స్ పేనే ఉన్నాడు.

ఆ ఎండాకాలం నాయనమ్మకి కంటి ఆపరేషన్ చేయించడానికి సూర్యాపేట దగ్గరి మా ఊరి నుంచి తీసుకొచ్చారు. ఆపరేషన్ అయ్యాక నల్లద్దాలు పెట్టి, కొన్నాళ్లు టీవీ వైపు చూడొద్దన్నారు. సీరియళ్లు లేకపోతే ఆవిడకి పొద్దు గడవదు. మంచం వేసింది కంప్యూటర్ ఉన్న గదిలోనే, ఎందుకంటే కూలర్ ఉన్నది ఆ గదిలోనే. హెడ్‌ఫోన్లు ఒకవైపే పనిచేసేవి కాబట్టి నేను స్పీకర్లలోనే ఆడేవాణ్ని. అలా ఆవిడ కళ్లు మూసుకుని ఆట వినడం మొదలైంది.

ఆ గేమ్‌లో ఒక పీడకల లెవెల్ ఉంటుంది. మాక్స్ భార్యనీ పసిబిడ్డనీ ఎవరో చంపేసి ఉంటారు. కలలో వాడు తన ఇంట్లోనే తిరుగుతుంటాడు, ఎంత నడిచినా తరగని వసారాలు, చుట్టూ నల్లటి శూన్యం, కాళ్ల కింద సన్నటి నెత్తుటి గీత, దాని మీదే నడవాలి. ఎటు వెళ్లాలో తెలియాలంటే బిడ్డ ఏడుపుని పట్టుకుని పోవాలి. నేను గీత మీంచి జారి పడడం, మళ్లీ మొదలుపెట్టడం, ఏడుపు, మళ్లీ పడడం. చాలాసేపు ఇదే నడిచింది.

"ఎవల పిల్లరా గది? గంతసేపటి సంది ఏడుస్తుంటే ఎవ్వలు ఎత్తుకోరేంది?" అంది నాయనమ్మ.

గేమ్‌లో ఏడుపని చెప్పాను. తల్లి లేదా అంది. చచ్చిపోయిందని చెప్పాను. మరి తండ్రి ఏం చేస్తున్నాడంది. తండ్రి నేనే అన్నాను. "మరి తొందరగా పోరా, ఏం నడకరా నీది!" అని కసిరింది. ఆ రోజు ఆ లెవెల్ ఆవిడ తిట్లు తింటూ పూర్తిచేశాను. ఆ తర్వాత కథంతా చెప్పమంది. చెప్పాక, సీరియల్ చూసినట్టే రోజూ సాయంత్రం నా ఆట కోసం ఎదురుచూసేది.

గూండాల ముచ్చట్లు వచ్చినప్పుడల్లా "వాళ్లేమంటుండ్రు?" అని అడిగేది. నా ఇంటర్ ఇంగ్లిష్‌కి సగమే అర్థమయ్యేది. అర్థమైనంత చెప్పి, మిగతాది నేనే అల్లేవాణ్ని. ఒకడికి చెల్లెలి పెళ్లి కుదిరిందనీ, ఇంకొకడికి యజమాని జీతం బాకీ ఉన్నాడనీ. నేను తలుపు తోసి ఇద్దర్నీ కాల్చేయగానే ఆవిడ మంచం మీద లేచి కూర్చునేది.

"జీతం రాలేదన్నోణ్ని గూడ సంపినవా?"

"వాడు కూడా గూండానే కదా నాయనమ్మా."

"అయితే మాత్రం! జర ఆగితే ఏంబోయె, ముచ్చట అయిపోయినంక కాల్చరాదూ."

అప్పట్నుంచి నేను తలుపు దగ్గర ఆగి, ముచ్చట మొత్తం అయిపోయేదాకా విని, ఆ తర్వాత లోపలికి వెళ్లేవాణ్ని. అలా ఆడితే ఆ ఆట పూర్తిగా వేరేగా ఉంటుంది. చంపబోయే వాళ్ల సొంత గొడవ విన్నాక నవ్వొస్తుంది, ఆ వెంటనే కొంచెం ఇబ్బందిగానూ ఉంటుంది. హీరో ఎంత బరువైన డైలాగులు చెప్పినా ఈ గూండాలు ఆ బరువుని పక్కన పెట్టి గాలి ఆడనిచ్చేవాళ్లు. నాయనమ్మకి హీరో వాక్యాలు పెద్దగా నచ్చలేదు. "వీడు ఎప్పుడూ గొణుగుడేనా?" అనేది.

ఇది ఎలా తయారైందో చూస్తే ఇంకా అర్థమవుతుంది. ఫిన్లాండ్‌లోని రెమెడీ అనే స్టూడియో 2001లో మొదటి మాక్స్ పేన్ తీసేనాటికి అది చిన్న సంస్థ. ఫొటోలకి నటుల్ని పెట్టుకునేంత డబ్బు లేదు. కథ రాసిన సామ్ లేక్ తన ముఖాన్నే హీరోకి పెట్టాడు, మూతి బిగించుకుని ఉండే ఆ ముఖం ఇప్పటికీ జోకుగా తిరుగుతూనే ఉంది. పెద్ద విలన్ నికోల్ హార్న్‌గా ఫొటోలకు నిలబడింది సామ్ లేక్ వాళ్లమ్మ. స్నేహితులు, చుట్టాలు, ఆఫీసువాళ్లు కోట్లేసుకుని తుపాకులు పట్టుకుంటే ఫొటోలు తీసి, వాటికి రంగులద్ది, కామిక్ పుస్తకం పేజీల్లా పేర్చి కథ చెప్పారు. కదిలే సీన్లు తీయడం ఖరీదైన పని కాబట్టి ఈ దారి పట్టారు. సొంత తల్లిని విలన్‌గా నిలబెట్టి ఫొటో తీస్తున్నవాడు ఆ పని చేస్తూ నవ్వకుండా ఎలా ఉంటాడు? ఆ నవ్వు ఆటలోకి వచ్చేసింది. ఒకచోట మత్తుమందు ఎక్కించినప్పుడు హీరోకే తను ఒక కంప్యూటర్ గేమ్‌లో ఉన్నానని తెలిసిపోతుంది. అంత వెటకారం.

2003లో వచ్చిన రెండో భాగానికి డబ్బు పెరిగింది, నిజమైన నటులొచ్చారు, సామ్ లేక్ ముఖం పోయి తిమోతీ గిబ్స్ ముఖం వచ్చింది. కానీ రాసేవాడు మారలేదు. విన్నీ గాగ్నిట్టీ అనే గూండా నాయకుడు పిల్లల కార్టూన్ పాత్ర దుస్తుల్లో ఇరుక్కుపోతాడు, ఆ దుస్తుల లోపల బాంబు ఉంటుంది, వాణ్ని మనమే కాపాడుకుంటూ తీసుకెళ్లాలి. అదే ఆటలో మోనా శాక్స్‌తో ప్రేమ, ద్రోహం, చావు కూడా ఉన్నాయి. రెండూ పక్కపక్కనే ఉంటాయి, ఒకదాన్ని ఇంకొకటి పాడుచేయదు. ఇది రాయడం చాలా కష్టం. మన సినిమాల్లో ఏడుపు సీన్ అవ్వగానే కామెడీ ట్రాక్ అతికించడం వేరు, ఇది వేరు.

ఆ తర్వాత రెమెడీ వాళ్లు వేరే ఆటల దారి పట్టారు. హక్కులు 2002లోనే రాక్‌స్టార్ మాతృసంస్థ టేక్ టూ కొనేసింది. మూడో భాగం 2012 మేలో రాక్‌స్టార్ సొంత స్టూడియోల నుంచి వచ్చింది, పీసీకి ఇంకో రెండు వారాలు ఆగాక. రాసింది డాన్ హౌజర్ బృందం. మాక్స్ ఇప్పుడు సావో పాలోలో బ్రాంకో అనే డబ్బున్న కుటుంబానికి కాపలా ఉద్యోగి. తాగుతాడు, మాత్రలు మింగుతాడు, యజమాని భార్యని ఎత్తుకెళ్తుంటే ఆపలేకపోతాడు. సగం ఆటయ్యాక గుండు గీసుకుంటాడు.

ముప్పై అయిదు జీబీ ఖాళీ ఉండాలన్నారు. 2012లో మా ఇంటి నెట్ ప్లాన్‌లో నెలకిచ్చిన డేటా అయిపోతే వేగం నత్తకంటే తగ్గేది, కాబట్టి డౌన్‌లోడ్ ఆలోచనే లేదు. ఉద్యోగం వచ్చి చేతిలో డబ్బులున్నాయి కదా అని మొదటిసారి అసలు డీవీడీలు కొన్నాను. కొన్న షాపువాడు ఇచ్చిన డిస్కుల్లో ఒకదాని మీద గీత ఉంది. మార్చమంటే "ఓపెన్ చేసిన మాల్ వాపస్ నహీ" అన్నాడు. ఓపెన్ చేయకుండా గీత ఎలా కనపడుతుందో వాడే చెప్పాలి. చివరికి ఫ్రెండ్ దగ్గర ఆ ఒక్క డిస్కు తెచ్చుకుని ఇన్‌స్టాల్ చేశాను.

అప్పటికి నాయనమ్మ మా దగ్గరే ఉంటోంది, చూపు శుభ్రంగా ఉంది. పిలిచి చూపించాను. గుండు చూసి "గీడెవడు? తిరపతి పోయొచ్చిండా?" అంది. అదే మనిషని చెబితే నమ్మలేదు. గొంతు విని నమ్మింది, ఎందుకంటే మూడింటిలోనూ గొంతు జేమ్స్ మెకాఫ్రీదే. ఆ గొంతు ఒక్కటే ఆ మూడింటినీ కట్టి ఉంచిన తాడు. 2023 డిసెంబర్‌లో ఆయన పోయాడు.

తర్వాత నేను అలవాటుగా ఒక మూల దగ్గర ఆగాను. అవతల ఇద్దరు గూండాలు మాట్లాడుకుంటున్నారు. "ఏమంటుండ్రు?" అంది నాయనమ్మ. నాకు తెలియదు. వాళ్లు మాట్లాడేది పోర్చుగీసు, కింద సబ్‌టైటిల్స్ కూడా పోర్చుగీసులోనే. "నాకూ తెల్వదు నాయనమ్మా" అన్నాను. కాసేపు చూసి, "మరి వాళ్లను ఎందుకు కాలుస్తున్నవో గూడ తెల్వదా?" అని లేచి తన సీరియల్‌కి వెళ్లిపోయింది.

ఇది వాళ్లు పొరపాటున చేసింది కాదు, కావాలనే చేశారు. మాక్స్‌కి ఆ భాష రాదు, కాబట్టి మనకీ రాకూడదు. కొత్త ఊళ్లో దిగినవాడికి చుట్టూ ఉన్న మాటలన్నీ తన మీదే అంటున్నట్టు ఉంటాయి కదా, ఆ బెదురు మనకి ఎక్కించాలని. ఆలోచనగా చూస్తే చాలా తెలివైనది, మెచ్చుకుంటాను. కానీ ఆ ఒక్క తెలివితో సిరీస్‌లో నవ్వు ఉండే చోటునే మూసేశారు. ఇక మిగిలింది హీరో గొణుగుడు. వాడు ఆ ఆటలో ఆపకుండా మాట్లాడతాడు, తనని తాను తిట్టుకుంటాడు, వాడి మాటల్లోంచి ఒక్కో పదం పెద్ద అక్షరాల్లో తెర మీద మెరుస్తుంది. తన మీద తను జోకులు వేసుకోవడం కూడా ఉంది, కానీ అది చేదు. మంచు కురిసే న్యూ జెర్సీ అధ్యాయాలు మధ్యలో పెట్టారు, అక్కడ గూండాలు ఇంగ్లిష్‌లోనే మాట్లాడతారు. నాకు ఆట మొత్తంలో ఊపిరి ఆడింది అక్కడే. ఆ అధ్యాయాలు చూస్తే స్టూడియోకే లోపల ఎక్కడో భయం ఉన్నట్టు అనిపిస్తుంది.

కాల్పులు మాత్రం మూడో ఆటలోనే గొప్పగా ఉంటాయి, దీని మీద వాదన అనవసరం. పెద్ద తుపాకీని ఎడమచేత్తో మోస్తూ కుడిచేత్తో పిస్తోలు కాలుస్తాడు, ఎక్కడా మాయం చేయరు. విమానాశ్రయం లెవెల్‌లో హెల్త్ అనే బ్యాండ్ సంగీతం మొదలయ్యే చోటు ఇప్పటికీ రోమాలు లేపుతుంది. కానీ కట్ సీన్లు, అంటే మధ్యలో కథ చెప్పే సినిమా ముక్కలు, దాటేద్దామంటే కుదరదు, వెనక లోడింగ్ నడుస్తుంటుంది కాబట్టి చూడాల్సిందే. పాత కామిక్ పేజీలని నాకు కావలసిన వేగంతో తిప్పుకునేవాణ్ని.

ఇప్పుడు "ఎందుకు" అనే దానికి వస్తాను. నేను మాదాపూర్‌లో ఒక అవుట్‌సోర్సింగ్ స్టూడియోలో కొన్నేళ్లు పనిచేశాను. పేరు చెప్పను, చెప్పకూడదని కాగితం మీద సంతకం కూడా పెట్టించారు. విదేశీ గేమ్‌లకి కుర్చీలు, డ్రమ్ములు, చెత్తకుండీలు తయారుచేసేవాళ్లం. పాత సిరీస్ ఏదైనా చేతులు మారి వచ్చినప్పుడు మా దగ్గరికి ఒక లావుపాటి స్టైల్ గైడ్ పీడీఎఫ్ వచ్చేది. అందులో అన్నీ ఉండేవి. ఏ రంగు ఎంత వాడాలి, తుప్పు ఎక్కడ పట్టాలి, హీరో భుజాలు ఎంత వంగాలి. గూండాల మాటలకి వేరే ఎక్సెల్ షీట్. ట్రేడ్‌లో వాటిని బార్క్స్ అంటారు. శత్రువు కనిపిస్తే ఒక అరుపు, తూటాలు నింపుకుంటుంటే ఒక అరుపు, చస్తుంటే ఒక అరుపు. "తలుపు వెనక ఇద్దరు కూర్చుని ఏమీ పనికిరాని ముచ్చట పెట్టుకోవాలి" అనే గడి ఆ షీట్లలో నేనెప్పుడూ చూడలేదు. ఉండదు కూడా. ఎందుకంటే అది ఎవరో ఒకడు రాత్రి ఆఫీసులో కూర్చుని సరదాకి రాసింది. దాన్ని అడిగినవాడు లేడు. చిన్న బృందంలో దాన్ని ఆపేవాడూ ఉండడు. పెద్ద బృందంలో ప్రతి లైనుకీ రికార్డింగ్ ఖర్చు, అన్ని భాషల్లోకి మార్చే ఖర్చు, పరీక్షించే ఖర్చు ఉంటాయి. ఆటలో వినకపోయినా నష్టం లేని లైను అనగానే అది ముందు ఎగిరిపోతుంది.

కాబట్టి కొత్త స్టూడియోకి చేరేవి జాబితాలో రాయగలిగినవే. దీనికి ఇంకో మంచి ఉదాహరణ సైలెంట్ హిల్ అనే హారర్ గేమ్ సిరీస్. 2001 నాటి రెండో ఆటలో పిరమిడ్ తల రాక్షసుడు జేమ్స్ అనే ఒక్క మనిషి అపరాధ భావంలోంచి పుట్టినవాడు. జపాన్‌లోని పాత బృందం పోయి, 2008లో అమెరికాలోని డబుల్ హెలిక్స్ స్టూడియో హోమ్‌కమింగ్ అనే భాగం తీసినప్పుడు వాడు మళ్లీ ప్రత్యక్షమయ్యాడు. అక్కడ వాడికేం పని? జాబితాలో ఉన్నాడు, అంతే. ఫాలౌట్ కూడా అంతే, 2008లో బెథెస్డా మూడో భాగం తీసినప్పుడు గుర్తుపట్టే సరుకంతా జాగ్రత్తగా తెచ్చింది. పాత బృందంలోని కొందరు అబ్సిడియన్ అనే స్టూడియోలో ఉండబట్టి 2010లో వాళ్లు తీసిన న్యూ వేగస్ భాగంలో పాత వెటకారం తిరిగొచ్చింది. నాకు తెలిసినవాళ్లలో ఫాలౌట్ మూడో భాగమే ఇష్టమనేవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లలో ఎవరూ మొదటి రెండూ ఆడలేదని మాత్రం గమనించాను.

అయినా స్టూడియో పేరుని పట్టుకుని వేలాడడం కూడా తప్పే. ప్రిన్స్ ఆఫ్ పర్షియా చూడండి. 2003లో శాండ్స్ ఆఫ్ టైమ్ చేసింది యూబీసాఫ్ట్ మాంట్రియల్, 2004లో వారియర్ విదిన్ చేసిందీ వాళ్లే. మొదటిదాంట్లో యువరాజు మనకి కథ చెబుతుంటాడు, మనం కిందపడి చస్తే "కాదు కాదు, కథ అలా జరగలేదు" అని సర్దుకుంటాడు. ఆ ఒక్క చమత్కారంతో ఆట మొత్తం ముద్దుగా ఉంటుంది. రెండోదాంట్లో గడ్డం పెంచి, గిటార్లు మోగించి, కనపడ్డవాణ్నల్లా నరుకుతాడు. స్టూడియో అదే. మొదటిదాని కథ రాసిన జోర్డాన్ మెక్నర్ రెండోదాంట్లో లేడు. నవ్వించేవాడు ఏ గేటు లోంచి బయటికి పోయాడో చూసుకోవాలి తప్ప బోర్డు మీద పేరు చూస్తే ఏం తెలుస్తుంది?

ఇక ఇప్పుడు మొదటి రెండు మాక్స్ పేన్‌లనీ కలిపి ఒకే ఆటగా కొత్తగా తీస్తున్నామని 2022 ఏప్రిల్‌లో ప్రకటించారు. తీసేది రెమెడీ, డబ్బు పెట్టేది రాక్‌స్టార్. అందరూ పండగ చేసుకున్నారు. నేను చేసుకోలేదు. పాతవాళ్లే కదా అంటారు. పాతవాళ్లే, కానీ ఇప్పుడు వాళ్ల దగ్గర డబ్బుంది, నటులున్నారు, ముఖాల్ని కొలిచే యంత్రాలున్నాయి. వాళ్లమ్మని నిలబెట్టి ఫొటో తీయాల్సిన అవసరం లేదు. ఆ తలుపు వెనక ఇద్దరూ అందులో ఉంటారా, ఉంటే వాళ్ల ముచ్చట పూర్తిగా ఉంటుందా అన్నదే నా టెన్షన్. గ్రాఫిక్స్ ఎలా ఉన్నా నాకు పట్టింపు లేదు.

మీరు ఇప్పుడు మూడోది ఆడుతున్నారు కాబట్టి వెనక్కెళ్లి రెండోది ఆడండి, ఆ తర్వాత మొదటిది. ఒక్క మాట. మొదటి ఆటని ఇప్పటి విండోస్ మీద నేరుగా నడిపితే చాలా మెషీన్లలో సంగీతం, మాటలు వినపడవు, అభిమానులు చేసిన సౌండ్ ప్యాచ్ ఒకటి ఉంది, అది ముందు వేసుకోండి. అది వేయకుండా ఆడితే గూండాలు నోళ్లు మూసుకునే ఉంటారు, అప్పుడు నేను ఇంతసేపు రాసిందంతా దండగ.